పెళ్లి ఏడుపును చావు ఏడుపని రాశాను

ఈమధ్య మా జనగామలో ఒకమ్మాయి ఇంటికి వచ్చింది. చేతిలో ఫోను, ఫోనుకు ఒక కర్ర, చున్నీకి తగిలించిన చిన్న మైకు. షార్ట్ ఫిలిమ్‌లకు రివ్యూలు చెప్పాలని ఆమె కోరిక.

"ఎట్ల మొదలువెట్టాలె అక్కా?" అంది.

"ఎన్ని సినిమాలు చూసినవు?" అన్నాను.

"మస్తు చూసిన."

"ఎవరితోని కూసోని చూసినవు?"

ఆ ప్రశ్నకు ఆమె నా మొహం వైపు అయోమయంగా చూసింది. ఆమెను తప్పుపట్టలేదు. ఆ ప్రశ్న వేయాలని తెలుసుకోవడానికి నాకే చాలా ఏళ్లు పట్టింది. చాయ్ ఇచ్చి, రెండు మాటలు చెప్పి పంపించాను. చెప్పాల్సింది రెండు మాటల్లో అయ్యేది కాదని ఆమె గేటు దాటాక అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఒక దినపత్రికలో జిల్లా పేజీల డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. వార్తలు దిద్దడం అసలు ఉద్యోగం. దాంతోపాటు ఆదివారం అనుబంధంలో, మా చుట్టుపక్కల జిల్లాల్లో తీసిన చిన్న సినిమాల మీద ఒక శీర్షిక రాసేదాన్ని. మాది జనగామలో హోల్‌సేల్ కిరాణా కుటుంబం. నేను చేసే పని ఏమిటో మా నాయినకు చివరిదాకా అర్థం కాలేదు. "సిన్మ సూసుడు గూడ ఒక నౌకరేనా?" అని దుకాణానికి వచ్చినవాళ్ల ముందు నవ్వేవాడు. నౌకరే. పైగా జాగ్రత్తగా చేయకపోతే ఇతరుల ఇళ్లలో నిప్పు పెట్టే నౌకరి. ఆ సంగతి నాకు ఎలా తెలిసిందో చెప్తాను. దానికి ముందు పని గురించి కొంచెం.

ఒంటరిగా చూడకూడనివి

పెద్ద సినిమాల మీద రాసేవాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు. నా దగ్గరికి వచ్చేవి వేరు. మహబూబాబాద్‌లో డిగ్రీ చదివే పిల్లలు హాస్టల్ గదిలో తీసినవి. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఫొటో స్టూడియో నడిపే ఆయన, పెళ్లిళ్లు లేని ఆషాఢంలో చెయ్యి ఊరుకోక తీసినవి. తరిగొప్పుల దగ్గర ఒక బడిపంతులు నల్లబల్ల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, ఫొటో తీసి, చెరిపి, కొంచెం జరిపి మళ్లీ గీసి, అలా కదిలించిన కార్టూన్. ఎనిమిది నిమిషాల ఆ కార్టూన్ కోసం ఆయన ఒక వేసవి సెలవంతా సుద్దపొడి పీల్చాడు. ఇలాంటివాళ్ల గురించి రాసేటప్పుడు చెయ్యి జాగ్రత్తగా ఉండాలి. జాగ్రత్త అంటే మెచ్చుకోమని కాదు.

కొత్తగా వచ్చినవాళ్లు మొదట నేర్చుకునే మాట "ప్రయత్నం బాగుంది". నేనూ చాలాసార్లు రాశాను. ఒకసారి ఆ స్టూడియో ఆయనే నన్ను బస్టాండులో పట్టుకున్నాడు. "మేడం, బాగలేదని రాయుండ్రి, పడత. ప్రయత్నం బాగున్నది అంటె నాకు బుగ్గ గిల్లి బిస్కెట్ ఇచ్చినట్టుంటది. నాకు యాభై ఏండ్లు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ మాట మానేశాను. బాగా లేకపోతే ఎక్కడ బాగా లేదో, ఏ నిమిషంలో నాకు విసుగొచ్చిందో చెప్పేదాన్ని. కోపం వచ్చినవాళ్లు కొన్నాళ్లు మాట్లాడేవారు కాదు, తర్వాత కొత్త సినిమా పట్టుకుని మళ్లీ వచ్చేవారు.

ఒక్కో రకం సినిమాను ఒక్కో విధంగా చూడాలి. హాస్యాన్ని ఒంటరిగా చూడకూడదు. ఆఫీసులో కూర్చుని నేను "నవ్వు రాలేదు" అని తీర్పు చెప్పిన సినిమాకు, ఘన్‌పూర్ ఫంక్షన్ హాల్లో జనం కుర్చీలు ఊగేలా నవ్వారు. వాళ్ల మధ్య కూర్చుని నేనూ నవ్వాను. అప్పటికే నా సమీక్ష అచ్చయిపోయింది. దయ్యాల సినిమాను ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడాలి. భయపెడుతున్నది దర్శకుడో, వెనకాల మోగుతున్న సంగీతమో అప్పుడు తెలిసిపోతుంది. ఇక సందేశం సినిమాలు. తాగే తండ్రి, ఏడ్చే తల్లి, చివర నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో నీతి. ఆ అక్షరాలు తీసేస్తే సినిమాలో నీతి మిగులుతుందా అని చూసుకోండి. చాలావాటిలో మిగలదు. మిగిలితే ఆ అక్షరాల అవసరమే లేదు.

దయ్యం మాట్లాడిన తెలుగు

మహదేవపూర్ దగ్గర తిరుపతి అనే యువకుడు వ్యవసాయం చేస్తూ ఒక దయ్యం సినిమా తీశాడు. గోదావరిలో మునిగి చనిపోయిన ఒక ఆడమనిషి, పొలానికి నీళ్లు పెట్టడానికి వచ్చేవాళ్లకు కనిపిస్తుంటుంది. అందులో మనుషులందరూ మన మాట మాట్లాడతారు. "ఏందిరా, గిట్ల సల్లగైంది?" అంటాడు ఒకడు. అప్పుడు దయ్యం వచ్చి, "నన్ను ఎందుకు చంపావు? నా పగ చల్లారదు" అంటుంది. పుస్తకంలోంచి లేచి వచ్చినట్టు.

"గోదారొడ్డున సచ్చిపోయిన మనిషి ఆ తెలుగు ఎక్కడ నేర్చుకున్నది తిరుపతీ?" అని అడిగాను.

అతను కొంచెం సిగ్గుపడ్డాడు. "దయ్యం మన లెక్క మాట్లాడితె జనం నవ్వుతరు మేడం. సిన్మలల్ల మన మాట మాట్లాడేటోళ్లను నవ్వనీకే కదా పెడ్తరు" అన్నాడు.

 ఆ నవ్వులో నా వంతూ ఉంది. శీర్షిక మొదలుపెట్టిన రోజుల్లో "సంభాషణలు శుద్ధంగా ఉన్నాయి" అని మెచ్చుకుంటూ, "యాస అడ్డం వచ్చింది" అని తప్పుపడుతూ నేనే రాశాను. ఇంట్లో పొద్దున్నుంచి మాట్లాడే మాటను, ఆఫీసులో కూర్చుని తప్పని రాసేదాన్ని. జనగామలో పుట్టిన మనిషికి ఆ పని చేయడానికి చేతులెలా వచ్చాయో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తిరుపతి ఆ మాటలు తీసేసి, వాళ్ల అమ్మతో మళ్లీ చెప్పించాడు. "వచ్చినవా కొడుకా. నీళ్లు మస్తు లోతున్నయ్. జర నా సెయ్యి వట్టుకో" అంటుంది దయ్యం, చాలా మెల్లగా, అన్నానికి పిలిచినట్టు. వాళ్ల ఊరి బడిలో ఆ సినిమా వేసినప్పుడు నేనూ వెళ్లాను. ఒక్కరూ నవ్వలేదు. ముందు వరుసలో ఒకామె పిల్లను ఎత్తుకుని బయటికి నడిచింది.

ఆ తర్వాత నా చెవి బాగుపడిందని అనుకున్నాను. కొంతవరకే బాగుపడింది. నా మాటను వినడం నేర్చుకున్నాను, అంతే. మన పక్కనే వేరే మాట మాట్లాడేవాళ్లు ఉన్నారని, వాళ్లను వినడం ఇంకా మొదలుపెట్టలేదని తర్వాత తెలిసింది.

సుదర్శనం గారు

మా ఆదివారం అనుబంధానికి ఇన్‌ఛార్జి సుదర్శనం గారు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి వరంగల్‌లోనే ఇల్లు కట్టుకున్న మనిషి. ఎవరినైనా "మీరు" అనేవారు, ఆఫీస్ బాయ్‌ని కూడా. నేను సమీక్ష ఇవ్వగానే ముందు విశేషణాలన్నీ కొట్టేసేవారు. "అద్భుతమైన అంటే నాకేం కనబడలేదమ్మా. ఏం చూశారో అది చెప్పండి" అనేవారు. నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆయన పెన్ను కిందే నేర్చుకున్నాను.

ఆయనకు ఒక బలహీనత ఉండేది. మంచి హెడ్డింగ్ కనబడితే కళ్లు మూసుకుపోయేవి. రాసినదాంట్లో ఒక చమత్కారం ఉంటే దాన్ని పైకి లాగి పెద్ద అక్షరాల్లో పెట్టి, రోజంతా హుషారుగా ఉండేవారు. ఆయన మెప్పు కోసం నేనూ ప్రతి సమీక్షలో ఒక చమత్కారం వెతకడం అలవాటు చేసుకున్నాను. సినిమా చూస్తున్నంతసేపూ హెడ్డింగ్ వెతుక్కునేదాన్ని. ఇది ఈ వృత్తిలో పెద్ద జబ్బు. సోకినట్టు సోకినవాళ్లకు తెలియదు.

శవం కనబడని చావు

సుజాత అనే అమ్మాయి మహబూబాబాద్ దగ్గరి ఒక తండా నుంచి పద్నాలుగు నిమిషాల సినిమా పంపింది. డిగ్రీ అయిపోయి టౌన్‌లో జిరాక్స్ సెంటర్లో పనిచేసేది. ఫోనుతో తీసింది. అందరూ వాళ్ల ఇంటివాళ్లే నటించారు. మాటలన్నీ లంబాడీ భాషలో ఉన్నాయి, కింద తెలుగు అక్షరాలు లేవు.

శనివారం పేజీ అచ్చుకు పోవాలి. శుక్రవారం మధ్యాహ్నం, చుట్టూ ఫోన్లు మోగుతుంటే, ఆఫీసు కంప్యూటర్లో చూశాను. ఒక ముసలామె నులకమంచం మీద కూర్చుని, ఒక అమ్మాయి తలను భుజానికి ఆనించుకుని రాగం తీసి ఏడుస్తుంది. మూడు నిమిషాలు కెమెరా కదలదు. తర్వాత ఆ అమ్మాయి లేచి వెళ్లి తండ్రి మెడ పట్టుకుని ఏడుస్తుంది, తర్వాత అన్న మెడ, తర్వాత ఇంకొకరి మెడ. చివరికి ఖాళీ మంచం. అయిపోయింది.

ఇంట్లో ఎవరో పోయారని నాకు అనిపించింది. అనిపించింది అని కూడా అనను, ఇంకోటి అయి ఉండవచ్చన్న ఆలోచనే రాలేదు. ఎవరు పోయారో దర్శకురాలు చెప్పలేకపోయిందని, ముసలామె నటన మోతాదు మించిందని, ఏడుపును సగానికి కోయాల్సిందని రాశాను. ఆఖరున "ఇది శవం కనబడని చావు" అని ముగించాను. ఆ వాక్యం రాసి ఎంత సంబరపడ్డానో నాకు గుర్తుంది. సుదర్శనం గారు అనుకున్నట్టే దాన్ని పైకి లాగారు. ఆదివారం పెద్ద అక్షరాల్లో వచ్చింది, కింద అమ్మాయి మొహం ఫొటోతో సహా.

సోమవారం సుజాత ఫోన్ చేసింది. అరవలేదు. అరిస్తే తేలిగ్గా ఉండేది.

"మేడం, అది సావు గాదు. లగ్గం. పెండ్లిపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఒక్కొక్కలను పట్టుకోని పాట పాడుకుంట ఏడుస్తది. ఢావ్లో అంటం మేము. మా దాది, మా నాయినమ్మ, మా చెల్లెకు నేర్పుతాంది. గదే సిన్మ" అంది.

నేను ఏం మాట్లాడానో నాకు తెలియదు. క్షమించమనే అని ఉంటాను. ఆమె ఆగి, మిగతాది చెప్పింది. సినిమాలో చేసిన మంజుల ఆమె చిన్నాయన బిడ్డ. మంజులకు నిజంగానే పెళ్లి కుదిరింది, మూడు వారాల్లో ఉంది. పెళ్లికొడుకుది భూపాలపల్లి దగ్గరి తండా, బొగ్గు లారీ నడుపుతాడు. ఎవరో పేపరు ముక్క ఫొటో తీసి వాళ్లకు పంపారు. పెళ్లిపిల్ల ఫొటో, పైన చావు అనే మాట.

"పెండ్లికొడుకు నాయినమ్మ లగ్గం ఆపుమంటాంది. పిల్ల మీద సావు రాసినంక మా ఇంటికి ఎట్ల తెచ్చుకుంటం అంటాంది. ఇక్కడ మా తండాల నన్ను తిడ్తుండ్రు. ఢావ్లోను కెమెరాల తియ్యొద్దని పెద్దమనుషులు ముందుగాలనే అన్నరు. ఎవ్వలు నవ్వరు, నాది జిమ్మ అని చెప్పి తీసిన. ఇగ నన్ను ఫోన్ ముట్టనియ్యరు మేడం. నాది పోతె పోనీ. మంజులది పోవద్దు."

సవరణ

సుదర్శనం గారి దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సమీక్ష అంటే అభిప్రాయం కదమ్మా. అభిప్రాయానికి సవరణ వేస్తే రేపటి నుంచి ప్రతివాడూ వచ్చి అడుగుతాడు. లోపలి పేజీలో రెండు లైన్లు వేద్దాం" అన్నారు.

"అది అభిప్రాయం కాదు సార్. నేను సినిమా చూడనే లేదు" అన్నాను.

"చూశారుగా."

"ముందు పెట్టుకుని కూర్చున్నాను. చూడలేదు."

 ఆ హెడ్డింగ్ పెట్టింది తనేనని ఆయనకూ తెలుసు. చివరికి, "అదే చోట, అదే సైజులో రాయండి. హెడ్డింగ్ నేను పెట్టను, మీరే పెట్టుకోండి. ఒక్క మాట. పొరపాటు దొర్లింది అని మాత్రం రాయకండి. దానంతటది దొర్లడానికి అదేం బిందెనా? ఎవరు చేశారో రాయండి" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను.

రాయడానికి ముందు సినిమా మళ్లీ చూడాలి. ఈసారి ఆఫీసులో కాదు.

గిల్లుడు

బుధవారం మహబూబాబాద్ బస్టాండులో సుజాత ఎదురొచ్చింది. ఆటోలో తండాకు తీసుకెళ్లింది. దారి పొడుగునా ఆమె మర్యాదగా ఉంది, నాకు అదే కష్టంగా ఉంది. ఇంటి ముందు పది పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ముసలామె ద్వాలి, సుజాతకూ మంజులకూ నాయినమ్మ, నన్ను చూసి మొహం తిప్పుకుంది. మంజుల ఇంట్లోంచి బయటికి రాలేదు.

"నేనేం చెప్పడానికి రాలేదవ్వా. మీతోని కూసోని చూద్దామని వచ్చిన" అన్నాను.

టీవీకి ఫోను కలిపారు. సినిమా మొదలైంది. ముసలామె భుజం మీద మంజుల తల, అదే రాగం. ఒక నిమిషం కూడా కాలేదు, ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు. నాకు అర్థం కాలేదు. సుజాత వెనక్కి జరిపి మళ్లీ వేసింది. అప్పుడు చూశాను. రాగం మధ్యలో మంజుల పెదవి కొస నవ్వుతో వంకర పోతుంది, ముసలామె కళ్లు మూసుకునే, పాట ఆపకుండానే, మంజుల చేతి మీద గట్టిగా గిల్లుతుంది.

ఆ గిల్లుడు తెర మీదే ఉంది. దానికి భాష రానవసరం లేదు. ఎవరైనా పోయిన ఇంట్లో నవ్వినందుకు మనవరాలిని గిల్లుతూ పాట నేర్పుతారా? కళ్లుంటే చాలు, అది నేర్పడమని తెలిసేది. నేను ఆ నిమిషంలో హెడ్డింగ్ వెతుక్కుంటున్నాను. లంబాడీ రాకపోవడం నా తప్పు కాదని అప్పటిదాకా మనసులో ఒక మూల అనుకుంటూనే ఉన్నాను. ఆ సాకు అక్కడితో పోయింది.

"నేను చూడలే అవ్వా. గిది నేను చూడలే" అన్నాను. 

ద్వాలి అప్పుడు నా వైపు తిరిగింది. "మా పోరికి ఏడ్వ రాదు. నవ్వుతది. గందుకే గిల్లిన" అంది. కొంచెం ఆగి, చిన్నపిల్లకు చెప్పినట్టు నాకు చెప్పింది. "ఉత్తగ ఏడ్సుడు గాదు బిడ్డా. ఏడ్సుకుంట సెప్పాలె. నాయినకు ఏం సెప్పేదున్నదో నాయినకు, అన్నకు ఏం సెప్పేదున్నదో అన్నకు. కోపమున్న సెప్పొచ్చు, ప్రేమ పావురమున్న సెప్పొచ్చు. రేపు అత్తగారింట్ల నోరు తెరువనిస్తరో లేదో. గా ఒక్క దినం పిల్ల మాటకు ఎవ్వలు అడ్డం రారు."

నేను తల ఊపాను.

"నీ లగ్గంల నువ్వేం జెప్పినవు?" అని అడిగింది.

"ఏం చెప్పలే అవ్వా. ఏడిస్తె కాటుక కారుతదని మా మేనత్త కండ్లు తుడిచింది."

"అయ్యో" అంది ద్వాలి. చుట్టూ ఉన్న ఆడవాళ్లకు తమ భాషలో చెప్పింది. వాళ్లందరూ నన్ను జాలిగా చూశారు. వాళ్ల ఆచారం మీద జాలి చూపిస్తూ రాయడానికి వచ్చిన మనిషిని కాకపోయినా, జాలి పడాల్సింది నా మీదేనని ఎన్నడూ అనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ తుడవలేదు. కానివ్వమన్నట్టు కూర్చున్నారు.

భూపాలపల్లికి

ఆ ఆదివారం సవరణ అదే చోట అచ్చయింది. "పోయిన ఆదివారం నేను ఒక పెళ్లికూతురిని చావింట్లో కూర్చోబెట్టాను" అని మొదలుపెట్టాను. ఎక్కడ కూర్చుని చూశానో, ఏం చూడలేదో, తండాలో ఏం చూశానో రాశాను. చమత్కారం ఒక్కటీ లేదు. అచ్చయిన పేజీ చూస్తే తేలిక పడతాననుకున్నాను, పడలేదు. లగ్గం ఆపమన్న ఆ నాయినమ్మకు చదువు రాదని సుజాత చెప్పింది. చదువు రాని మనిషి కోసం అచ్చేసిన సవరణ ఎవరికి? పేపరు పట్టుకుని సోమవారం పొద్దున్నే భూపాలపల్లి బస్సెక్కాను. సుజాత వాళ్ల చిన్నాయన, అంటే మంజుల తండ్రి, నా పక్కన కూర్చున్నాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

పెళ్లికొడుకు నాయినమ్మ వాకిట్లో మక్క కంకులు ఒలుస్తోంది. లేవలేదు. మేము ఎవరమో చెప్పగానే నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"సావు రాసిన చెయ్యి గిదేనా?"

"గిదే అవ్వా."

"సదువు."

నిలబడే చదివాను. అర్థం కాని చోట మంజుల తండ్రి వాళ్ల భాషలో చెప్పాడు. గిల్లుడు దగ్గరికి వచ్చేసరికి ముసలామె ఒలవడం ఆపింది. పెళ్లికొడుకు గడప దగ్గర నిలబడి వింటున్నాడు. చదవడం అయిపోయింది.  నాకు తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాను.

"మేము ఏడ్సే పిల్లను తెచ్చుకునేటోళ్లం. సచ్చిన పిల్లను తెచ్చుకునేటోళ్లం గాదు" అంది చివరికి. "పేపర్ల రాసింది పేపర్ల రాస్తె పోదు. నువ్వు లగ్గానికి రా. పిల్ల ఎవ్వలకేం సెప్తదో మా అందరి ముంగట కూసోని ఇను. నువ్వు ఉంటనంటె మేము వస్తం."

ఉంటానన్నాను. మంజుల తండ్రి అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాకు ఇచ్చి, "కూసో చెల్లె" అన్నాడు.

పెళ్లి

వెళ్లాను. అప్పగింతల పొద్దున ద్వాలి సుజాతను పిలిచి, అందరూ వినేటట్టు, "ఫోన్ తియ్యి" అంది. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ కాదనలేదు. సుజాత ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

మంజుల తండ్రి మెడ పట్టుకుని మొదలుపెట్టింది. ఇప్పుడు నవ్వు లేదు, నేర్పేవాళ్ల అవసరమూ లేదు. తండ్రికి, అన్నకు, ద్వాలికి, సుజాతకు, ఒక్కొక్కరికి ఒక్కో మాట. నేను నోటుబుక్కు తేలేదు. ఆడవాళ్ల వెనకాల కూర్చుని చూస్తున్నాను. మెల్లగా మెడ తర్వాత మెడ దాటుకుంటూ వచ్చి, మంజుల నా ముందు ఆగింది. అంతవరకు ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి, తల నా భుజం మీద పెట్టి, ఆ రాగంలోనే ఏదో పాడింది. చిన్న పాట. అయిపోగానే పక్కనున్న ఆమె దగ్గరికి వెళ్లిపోయింది. పెళ్లికొడుకు నాయినమ్మ నన్నే చూస్తోంది. ఆమె తల ఒకసారి పైకీ కిందికీ ఊగింది.

బండి వెళ్లిపోయాక సుజాతను పక్కకు తీసుకెళ్లి అడిగాను. "నాకేం చెప్పింది?"

సుజాత కళ్లు తుడుచుకుని చెప్పింది. "రాసే అక్కా, నేను బతికే పోతున్న. ఈ మాట రాయి అన్నది."

ఆ పెళ్లి గురించి మా పేపర్లో సగం పేజీ రాశాను. ఢావ్లో గురించి రాశాను, సుజాత కొత్త సినిమా గురించి రాశాను, ద్వాలి గురించి రాశాను. మంజుల అడిగిన ఆ ఒక్క మాట మాత్రం రాయలేదు. రాస్తే ఆమె నన్ను ఏమడిగిందో, ఎందుకడిగిందో అందరికీ మళ్లీ చెప్పుకోవాలి. సిగ్గుపడి వదిలేశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వదిలేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

మంజుల భూపాలపల్లిలో ఉంటుంది. బతికే ఉంది.